కుళాయి గుంతల్లో అతిసారం.. పసివారికే పెనుముప్పు

విజయనగరం: అతిసారం వానాకాలపు జబ్బని అనుకోవడం పరిపాటి. 2018 మార్చిలో పాత గుంటూరులో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అది ప్రబలి ప్రాణాలు తీసింది. ఒకటి నగరం, మరొకటి పల్లె. కాలాలూ వేరు. రెండుచోట్లా అనుమానం తాగునీటి మీదకే వెళ్లింది. గుర్లలోనైతే మృతుల సంఖ్యపైనే వివాదం రేగింది.

ఐదేళ్లలోపు పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి శిశువులకు రోటా వైరస్ టీకా వేస్తున్నారు. ఈ.కోలి, షిగెల్లా, కలరా వంటి బ్యాక్టీరియాపై ఆ టీకా పనిచేయదు. షిగెల్లా క్రిములు వందలోపు కడుపులోకి చేరినా రక్త విరేచనాలు పట్టుకుంటాయి. వీటికి అడ్డుకట్ట వేయాల్సింది నీటి దగ్గరే.

లోపం ట్యాంకులో కన్నా గొట్టంలోనే ఎక్కువ. రక్షిత పథకాల నీరు రోజుకు గంటో, రెండు గంటలో వస్తుంది. ధార సన్నగా ఉందని ఇంటిముందు గొయ్యి తీసి, గొట్టాన్ని కిందికి దించి పట్టుకుంటారు. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. గుంతలో నిలిచిన మురుగు, పక్క కాలువలోని నీరు లీకుల గుండా లోపలికి చేరతాయి. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. ట్యాంకులో బ్లీచింగ్ కలిపామని సిబ్బంది చెప్పేది నిజమే కావచ్చు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి కుళాయి వద్ద మిగిలిందా అన్నదే అసలు పరీక్ష. ఆ చివరి ఇళ్లు చాలాచోట్ల పేదల వాడలే.

జబ్బు చేశాక మరో పొరపాటు. బిడ్డను ఆర్‌ఎంపీ వద్దకు తీసుకెళ్తే సూది, సెలైన్‌తో సరిపెడతారు. రక్త విరేచనాలు, కలరా మినహా చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. ప్రాణం తీసేది ఒంట్లో నీరు ఇంకిపోవడమే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి చెంచాలతో పట్టాలి. తల్లిపాలు ఆపరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులివ్వాలి. విరేచనాలు కట్టగానే దాన్ని మానేయడమే ఎక్కువ.

దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు వేరు. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని ఆదేశించింది. అసలు పొట్లాలు ఆశ కార్యకర్తల వద్ద, ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం తగ్గినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.