రొక్కం అక్కడ, అరువు ఇక్కడ

"కొట్టు పెట్టుకుని కూర్చున్నాడు, ఆయనకేం లోటు?" ఈ మాట అనని ఇల్లాలు మన పేటల్లో అరుదు. కూర్చున్నాడట! ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే పనీ, కొట్లో బల్లమీద కూర్చుంటే విశ్రాంతీ అని మనకో లెక్క. మన సినిమాలు కూడా ఆ లెక్కకి తమవంతు సాయం చేశాయి. పచారీ కొట్టాయన తెరమీదికి వచ్చాడంటే బొజ్జ ఉండాలి, బియ్యంలో రాళ్ళు కలపాలి, ఆఖర్న హీరో చేత తన్నులు తినాలి. ఏళ్ళ తరబడి అది చూసి నవ్విన మనమే, ఇవాళ వీధి చివర కొట్టుకి తాళం పడితే "అయ్యో పాపం, ఎంత మంచివాడో!" అని నిట్టూరుస్తున్నాం. నా కోపమంతా ఈ నిట్టూర్పుల మీదే.

కొట్టు ఎవరు మూయించారని అడగండి, జవాబు తయారుగా ఉంటుంది. పెద్ద పెద్ద కంపెనీలు, మాల్సు, ఫోను నొక్కితే నిమిషాల మీద సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టే యాప్‌లు. 2012లో చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడిని 51 శాతం దాకా రానిస్తామని కేంద్రం అన్నప్పుడు దేశంలో ఎంత గగ్గోలు పుట్టిందని! ఆ సెప్టెంబరు 20న బందు కూడా జరిగింది. విదేశీవాడొచ్చి మన కొట్లన్నీ మింగేస్తాడన్నారు. ఆ భయం ఉత్తదని నేననను. పెద్దవాడు నాలుగేళ్ళు నష్టానికైనా అమ్మగలడు, చిన్నవాడు నాలుగు వారాలు అమ్మలేడు. అయితే పెద్దవాళ్ళ సంగతి పేపర్లు రాస్తూనే ఉన్నాయి. మనం చేసే నిర్వాకం ఎవరూ రాయరు.

ఒకటో తారీకున జీతం పడగానే మాల్‌కి బయల్దేరతాం. పాతిక కిలోల బియ్యం, ఐదు లీటర్ల నూనె, పప్పులూ, సబ్బులూ, అక్కర్లేని బిస్కట్లూ తోపుడు బండినిండా వేసుకుని అక్కడికక్కడ డబ్బు కట్టేసి వస్తాం. బేరమాడం. సంచీకి కూడా వేరే డబ్బంటే అదీ ఇస్తాం. ఇరవయ్యో తారీకు వచ్చేసరికి చెయ్యి ఆడదు. అప్పుడు గుర్తొస్తుంది వీధి చివర కొట్టు. "బాబాయిగారూ, అరకిలో పంచదార, పావుకిలో పెసరపప్పు, ఒక సబ్బు పంపించండి. పద్దులో రాసుకోండేం." పైగా కరివేపాకు ఊరికే పెట్టమంటాం. ఆయన గోడకి "నేడు రొక్కం, రేపు అరువు" అని అట్ట వేలాడుతూనే ఉంటుంది. దాన్ని మనమూ చదవం, పాపం ఆయనా చదువుకోడు.

కొట్లో ఏం మిగులుతుందో చాలామందికి తెలియదు. పొట్లం మీద అచ్చేసిన ధర ఆయన వేసింది కాదు, కంపెనీది. దానికి మించి రూపాయి పుచ్చుకున్నా నేరం. కంపెనీ సరుకు మీద నూటికి ఎనిమిదో పదో మిగిలితే ఆయనకి పండగే. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, ఎలుక కొట్టిన బస్తా, పురుగు పట్టిన రవ్వ, తారీకు దాటిపోయిన పొట్లాలు అన్నీ అందులోంచే. విడి పప్పుల మీద కాస్త ఎక్కువే మిగులుతుంది కానీ అక్కడ తరుగూ ఉంది. యాభై కిలోల బస్తా విప్పి పావుకిలో చొప్పున తూచి చూడండి, ఆఖరికి యాభై కిలోలు తేలితే నా పేరు మార్చుకుంటాను.

ఇప్పుడు కాస్త కాగితం తీసుకోండి. మన ఇంటి పద్దు నెలకి 3,000 రూపాయలనుకుందాం. నూటికి ఎనిమిది చొప్పున ఆయనకి మిగలాల్సింది 240. మనం ఒక నెల ఆలస్యంగా ఇచ్చాం. టోకు వర్తకుడు, బేగంబజారువాడు కానివ్వండి గొల్లపూడివాడు కానివ్వండి, మన జీతం పడేదాకా ఆగడు. అందుకని ఈయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడనుకోండి. 3,000 మీద 60. అంటే ఆయన లాభంలో నాలుగోవంతు, మన "వచ్చేవారం ఇస్తాలెండి"లో కొట్టుకుపోయింది. రెండు నెలలు లాగితే సగం. అలాంటి ఇళ్ళు నలభై ఉంటే 1,20,000 రూపాయల సరుకు మన వంటిళ్ళలో ఎప్పుడో కూరా చారూ అయిపోయి ఉంటుంది, ఆయన గల్లాపెట్టెలోకి మాత్రం పైసా చేరి ఉండదు.

మనకి బాకీలు తీర్చడం చేతకాదా? బ్రహ్మాండంగా చేతనవును. క్రెడిట్ కార్డు బిల్లు గడువు దాటితే నెలకి నూటికి మూడు రూపాయల పైనే వడ్డీ పడుతుందని తెలుసు కనుక, ముందురోజే కట్టేస్తాం. కరెంటు బిల్లు ఆపం, ఫ్యూజు పీకుతారని. స్కూలు ఫీజు ఆపం, పిల్లవాణ్ణి నిలబెడతారని. జరిమానా వెయ్యనివాడూ, వడ్డీ అడగనివాడూ, నలుగురిలో మన పరువు తియ్యనివాడూ ఆ పచారీ కొట్టాయనొక్కడే. అందుకే అందరికన్నా ఆఖర్న ఆయనకిస్తాం. ఈ మధ్య ప్రతి కొట్లోనూ ఒక చిన్న పెట్టె ఉంటోంది, ఫోనులోంచి డబ్బు పడగానే ఇంత వచ్చిందని గట్టిగా అరుస్తుంది. రానిది ఎంతో కూడా అరిచే పెట్టె ఎవరైనా కనిపెడితే బావుండును, సగం వీధి తలుపులేసుకుంటుంది.

ఇక ఆవిడ సంగతి. బోర్డు మీద ఆయన పేరో, వాళ్ళ ఇలవేల్పు పేరో ఉంటుంది, ఆవిడ పేరు ఉండదు. తెల్లారగట్ట ఐదున్నరకి పాల క్రేట్లు దించుకునేది ఆవిడ. ఆయన సరుక్కి వెళితే కొట్లో ఉండేది ఆవిడ. వెనకగదిలో కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ ముందుగదిలో శనగపప్పు తూస్తుంది. మధ్యాహ్నం రెండింటికి కంచం ముందు కూర్చుంటే "ఏమండీ, ఎవరూ లేరా?" అని కేక. ఎంగిలి చెయ్యి కడుక్కుని వస్తే కావలసింది ఒక అగ్గిపెట్టె. రాత్రి పదింటికి షట్టరు దించాక పద్దులు రాసుకునేదీ ఆవిడే. ఇంత చేసీ, జనాభా లెక్కలవాళ్ళు వచ్చి "మీరేం చేస్తుంటారమ్మా?" అంటే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటుంది. వంటపనికీ అంట్లకీ విలువ కట్టరేమని మహిళా దినోత్సవాల్లో వాదించి చప్పట్లు కొట్టించుకున్న మనం, ఇంటికొస్తూ దారిలో ఆవిడ దగ్గర ఆగి ధర మీద రెండు రూపాయలు తగ్గించమని పేచీ పెడతాం. ఆవిడ తగ్గిస్తుంది కూడా. ఎందుకంటే మనం పోతే బాకీ కూడా పోతుందని ఆవిడ భయం.

"చవగ్గా దొరికేచోట కొనుక్కోవడం తప్పా?" అని మీరు అడుగుతారు. తప్పు కాదు. మధ్యతరగతి ఇల్లు నడిపేవాళ్ళకి పది రూపాయలంటే పది రూపాయలే. హాయిగా మాల్‌లో కొనుక్కోండి. అప్పు కూడా ఆ మాల్‌నే అడగండి మరి! "తూకంలో మోసం చేస్తారండీ" అంటారు కొందరు. చేసేవాళ్ళు లేరని ఎవరన్నారు? ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖవాళ్ళ ముద్ర పడాలి. చూపించమని అడగండి, లేకపోతే ఫిర్యాదు చెయ్యండి. చిరచిరలాడే కొట్టాయన ఉన్నాడా? అతని దగ్గర మానెయ్యండి. కానీ పాత బాకీ తీర్చి మానెయ్యండి. బాకీ ఉన్న కొట్టు ముందునుంచి వెళ్ళలేక, పక్కసందులోంచి చుట్టుతిరిగి వెళ్ళే పెద్దింటి ఇల్లాళ్ళు ప్రతి పేటలోనూ ఉన్నారు. వాళ్ళకి ఆ నడక వల్ల ఆరోగ్యం బాగుపడుతోంది కాబోలు.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు గుర్తుందా? పేరుమోసిన సంస్థలే కొన్ని ఆర్డర్లు తీసుకోలేక చేతులెత్తేశాయి. వీధి కొట్టువాళ్ళు సగం షట్టరెత్తి, మొహానికి గుడ్డ కట్టుకుని, ముగ్గుపిండితో గుండ్రాలు గీసి అందులో మనల్ని నిలబెట్టి పప్పూ ఉప్పూ ఇచ్చారు. జీతాలు ఆగినవాళ్ళకి పద్దులో రాసి ఇచ్చారు. అప్పుడు వాళ్ళని దేవుళ్ళన్నాం. ఆ పద్దుల్లో ఇప్పటికీ కొట్టివెయ్యని పేజీలున్న కొట్లు ఎన్నో ఎవరైనా అడిగారా?

కొట్టు ఎత్తేసేటప్పుడు మిగిలిన సరుకు ఇంకో కొట్టువాడు సగం ధరకి తీసుకుంటాడు. ఫ్రిజ్జు అమ్ముడవుతుంది, కాటా అమ్ముడవుతుంది, బల్లలు వడ్రంగి పట్టుకుపోతాడు. పద్దుల పుస్తకం మాత్రం ఎవరూ కొనరు. ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. మనం తలుపు ఓరగా తీసి, "అయ్యో, కొట్టు తీసేశారటగా పిన్నిగారూ, విని ఎంత బాధపడ్డామో! ఆయన ఇంట్లో లేరు, ఆదివారం రండి" అంటాం.