ఇంకో రౌండ్ తిరిగితే ఏం పోతుంది?

పోయిన నెల రాత్రి పదకొండున్నరకి నా ఇంజినీరింగ్ రూమ్మేట్ ఫోన్ చేశాడు. మూడేళ్లు నాలాగే కోడ్ రాసి, ఆ ఉద్యోగం మానేసి, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి పైలట్ ట్రైనింగ్‌లో చేరినోడు.

"మామా, ఇవాళ సోలోలో ముందు చక్రం విరిగింది. నాకేం కాలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

అసలేం జరిగిందో మెల్లగా అడిగా. విమానం సెస్నా 172, నాలుగు సీట్లది. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ లేకపోతే ఆ మనిషి బరువు తగ్గుతుంది కదా, విమానం త్వరగా నేలకి దిగదు, రన్‌వే మీద తేలుతూనే ఉంటుంది. పైగా మనవాడు సుమారు 65 నాట్స్, అంటే గంటకి 120 కిలోమీటర్ల వేగంతో రావాల్సింది, 75తో వచ్చాడు. చక్రాలు నేలకి తగిలాయి, విమానం బంతిలా పైకి లేచింది.

ఇంతవరకు పెద్ద ప్రమాదమేం లేదు. నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఈ బౌన్స్ ఎదురయ్యేదే. తర్వాత చేసేదే ముఖ్యం. వీడు కంగారుపడి, దించేద్దామని ముక్కుని కిందికి తోశాడు. ముందు చక్రం నేలకి కొట్టుకుంది. విమానం ఇంకా ఎత్తుకి ఎగిరింది. మళ్లీ తోశాడు. ఇలా ఎగిరెగిరి పడటాన్నే పోర్పాయిజింగ్ అంటారు. మూడో దెబ్బకి చక్రం విరిగి, ప్రొపెల్లర్ నేలని తాకింది. అలా తాకితే బ్లేడ్లు మారిస్తే సరిపోదు, ఇంజిన్ విప్పి లోపల చూడాల్సిందే.

మరి ఏం చేయాలి? బౌన్స్ చిన్నదైతే ముక్కుని అలాగే పట్టుకుని, కాస్త పవర్ ఇచ్చి మెత్తగా దిగాలి. పెద్దదైతే గో అరౌండ్. ఫుల్ పవర్ ఇచ్చి, ఫ్లాప్స్‌ని ఒక్కో మెట్టే తగ్గిస్తూ పైకి లేచి, ఇంకో రౌండ్ తిరిగి రావాలి.

"ఇదంతా నీకు తెలుసు కదరా?"

"తెలుసు మామా. కానీ అప్పటికే ఒకసారి గో అరౌండ్ చేశా. కింద అందరూ చూస్తున్నారు. రెండోసారి కూడా చేస్తే వీడికి ల్యాండింగే రాదనుకుంటారని..."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఓ శుక్రవారం రిలీజ్ దెబ్బతింటే రోల్‌బ్యాక్ చేయడానికి నాకు నామోషీ అనిపించింది. ఒక్క లైన్ మారిస్తే చాలనుకుంటూ ప్యాచ్ మీద ప్యాచ్ వేశా. ప్రతి ప్యాచ్‌కి ఇంకోటి పగిలింది. చివరికి రాత్రి రెండింటికి మేనేజర్ చెప్తే రోల్‌బ్యాక్ చేశా. పది నిమిషాల పని. పోయింది నా నిద్రే కాబట్టి సరిపోయింది. వాడి విషయంలో ప్రాణమే పోయేది.

మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. అందులో ఇంకో రౌండ్ అంటే కొన్ని నిమిషాలు. పరువు కోసం వాటిని మిగుల్చుకోబోయి విమానం విరగ్గొట్టుకున్నాడు.

"ముందు ఇంట్లో చెప్పు. దీన్ని కూడా కిందికి తోసేశావంటే ఇంకా పైకి లేస్తుంది," అన్నా. మర్నాడు వాళ్ల నాన్నకి చెప్పాడు. నాన్న కాసేపు మౌనంగా ఉండి, "భోంచేశావా?" అని అడిగారట.

ఇప్పుడు మళ్లీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఎగురుతున్నాడు. నిన్న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: "ఇవాళ రెండు గో అరౌండ్లు మామా. మూడోసారి మెత్తగా దిగా."