చేప తేలాకే పరీక్షకు పరుగు
చెరువు నీటికి పరీక్షలున్నా చేప రక్తాన్ని చూసే నాథుడు లేడు

కైకలూరు: కైకలూరు, కలిదిండి, మండవల్లి, ముదినేపల్లి మండలాల్లో చేపల చెరువు ఉన్న రైతుకు తెల్లవారుజామున కంటి మీద కునుకు ఉండదు. చేపలు మూతులు పైకి పెట్టి గాలి మింగుతున్నాయా అన్నదే దిగులు. మింగుతుంటే ఏరేటర్లు తిప్పడం, కొత్త నీరు పెట్టడం, తెల్లారగానే మందుల దుకాణానికి పరుగు తీయడం మామూలే. అయితే చేప పైకి తేలేసరికే ఆలస్యమై ఉంటుంది. చేప ఒంట్లో ఒత్తిడి మొదలైనప్పుడే రసాయన పరీక్షతో పసిగట్టే వీలుంది. ఆ పరీక్షలు ప్రయోగశాలలు దాటి చెరువు గట్టుకు రాకపోవడం శోచనీయం.

ప్రస్తుతం గట్టున జరిగేది ఎక్కువగా నీటి పరీక్షే. అది కూడా సక్రమంగా జరగడం లేదు. శీలావతి, బొచ్చె పెంచే చెరువులో లీటరు నీటికి 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే ఫరవాలేదు. 3 కంటే తగ్గితే చేప మేత మానేస్తుంది. 1 దగ్గరకు దిగితే చావులు తప్పవు. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని పీల్చుకుంటుంది. కనుక తెల్లవారుజామునే కొరత ఎక్కువ. రైతు మాత్రం పొద్దెక్కాక సీసాలో నీరు నింపి మోటారు సైకిలు మీద పట్నానికి తెస్తాడు. ఆ సీసాలో వచ్చే అంకె చెరువు సంగతి చెప్పదు. వింక్లర్ అనే శాస్త్రవేత్త 1888లో కనిపెట్టిన పద్ధతిలోనూ నీరు తీసిన చోటే రెండు రసాయనాలు కలిపి ప్రాణవాయువును కట్టివేయాలన్నది మొదటి నియమం. ఇప్పుడు నీటిలో ముంచి చూసే మీటర్లు వచ్చినా నాలుగు గంటలకు లేచి చూసేవారు తక్కువే.

అమ్మోనియా లెక్క మరీ చిత్రం. ఒకే మోతాదు ఒక చెరువులో హాని చేయదు, పక్క చెరువులో చేపను చంపుతుంది. ఈ ప్రాంతపు వేడిలో నీటి పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా మారేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే నూటికి 40 వంతులు విషమే. పీహెచ్ చూడకుండా అమ్మోనియా అంకె ఒక్కటే చూసి మందు రాసిస్తే ఎవరికి లాభమో వేరే చెప్పనక్కర లేదు. నీరు పరీక్షించేదీ, మందు అమ్మేదీ ఒకే చెయ్యి కావడం అసలు చిక్కు.

రక్తం ఏం చెబుతుంది?

ప్రాణవాయువు తగ్గినా, వల లాగినా, చేపలు కిక్కిరిసినా కొద్ది నిమిషాల్లోనే చేప రక్తంలో కార్టిసాల్ అనే పదార్థం పెరుగుతుంది. ఆ తరువాత కాలేయంలోని నిల్వ కరిగి రక్తంలో చక్కెర పెరుగుతుంది. పెనుగులాడిన కండరాల నుంచి లాక్టేట్ దిగుతుంది. ఇది రోజుల తరబడి సాగితే చేపకు రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ఎర్రమచ్చలు పడేదీ, పేను పట్టేదీ చాలాసార్లు అప్పుడే. అంటే రైతు మందు కొడుతున్నది ఆఖరి మెట్టుకు. మొదటి మెట్టు నీటిలో, మేతలో, ఎకరానికి వేసిన పిల్లల లెక్కలో ఉంది.

చక్కెర పరీక్షకు పెద్ద సరంజామా అక్కర లేదు. మనుషులకు వాడే చేతి మీటరునే పరిశోధకులు చేపలకూ వాడుతున్నారు. తోక దగ్గర వెన్నెముక కింద ఉన్న నాళం నుంచి సన్నని సూదితో చుక్క రక్తం తీస్తే చాలు. మీటరు చూపే అంకె ప్రయోగశాల అంకెతో సరిగ్గా కలవకపోవచ్చు. అదే చెరువులో ఆరోగ్యంగా ఉన్న రోజుల అంకెతో పోల్చితే తేడా తెలుస్తుంది.

ఇందులో పొరబాటుకు తావు కూడా ఉంది. వల వేయడమే చేపకు ఒత్తిడి. పట్టిన రెండు మూడు నిమిషాల్లో రక్తం తీయకపోతే మీటరు చూపేది వల తెచ్చిన ఒత్తిడిని. మేత తిన్న వెంటనే తీసినా చక్కెర ఎక్కువే కనిపిస్తుంది. చాలాకాలంగా నలిగిపోయిన చేపలో నిల్వలు అడుగంటి చక్కెర తక్కువగానూ ఉండవచ్చు. ఒక్క చేపను, ఒక్క అంకెను నమ్మి నిర్ణయానికి రాకూడదు. కార్టిసాల్ పరీక్షకైతే ప్రయోగశాల తప్పదు. మొప్పల నుంచి నీటిలోకి వచ్చే కార్టిసాల్‌ను, పొలుసులో నిల్వ ఉండే కార్టిసాల్‌ను కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి. పొలుసు పరీక్ష వారాల చిట్టా విప్పుతుంది గానీ ఆ ఖర్చు ఇప్పట్లో కౌలు రైతుకు అందేది కాదు.

ఏ మీటరూ లేకుండా తెలిసే గుర్తు ఒకటుంది. నీటిలో నైట్రైట్ పెరిగితే చేప రక్తం ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. మొప్ప ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. అలాంటి రక్తం ప్రాణవాయువును మోయలేదు గనుక ఏరేటర్లు తిరుగుతున్నా చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నీరు మార్చడం, మేత తగ్గించడం, లెక్క ప్రకారం ఉప్పు వేయడం దీనికి విరుగుడు.

చచ్చిన చేపకు చేసిన పరీక్ష ఎంత పని చేసిందో ఈ ప్రాంతం మరచిపోలేదు. ఆంధ్ర చేపల్లో ఫార్మాలిన్ దొరికిందంటూ అస్సాం 2018 జులైలో బయటి చేపల రాకను కొన్నాళ్లు ఆపివేసింది. కొనే రాష్ట్రాల్లో పరీక్ష పెరిగినకొద్దీ చెరువులో వాడిన మందుల జాడ కూడా బయటపడక తప్పదు.

గ్రామ సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు. ఎదుగుదల చూడటానికి రైతు విసురు వల వేసే రోజునే వారు మీటరుతో వచ్చి నాలుగైదు చేపల రక్తం, తెల్లవారుజామున ప్రాణవాయువు, పీహెచ్, అమ్మోనియా చూసి చెరువు పుస్తకంలో రాస్తే ఒక పంట కాలంలోనే ఆ చెరువుకు ఏది మామూలో, ఏది ప్రమాదమో తేలుతుంది. రక్తపు చుక్క పెట్టే పట్టీ ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంది. మందుల దుకాణంలో ఒక్క డబ్బాకు రైతు అంతకు ఎన్నో రెట్లు చెల్లిస్తున్నాడు.