గ్యాస్ మాత్రకూ కాగితం ఉండాలి

మిల్టన్‌లో 401 హైవే పక్కనున్న గోదాముల్లో బరువులు ఎత్తేవారికి నడుము పట్టేయడం కొత్త కాదు. డాక్టర్ నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రాస్తారు. వాటిని వారాల తరబడి వాడితే కడుపులో మంట మొదలవుతుంది, కొందరికి పుండు కూడా పడుతుంది. అప్పుడు మనలో చాలామంది చూసేది ఇండియా నుంచి తెచ్చుకున్న గ్యాస్ మాత్రల వైపే. ఆ అలవాటుతో నష్టం రెండు విధాలు.

మొదటిది ఆరోగ్యం. రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే మలినం ఉందని తేలడంతో 2019 సెప్టెంబరులో హెల్త్ కెనడా సరఫరా ఆపమని కంపెనీలను కోరింది. క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థమది. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా ప్రపంచమంతటా తన సరఫరా నిలిపేసింది. మందు పాతబడేకొద్దీ, వేడి తగిలేకొద్దీ మలినం పెరుగుతుందని చెబుతూ 2020 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని మార్కెట్ నుంచే తీసేయమంది. ఇండియా 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తప్పించింది, నిషేధించలేదు. సూట్‌కేసులో వచ్చి, ఏడాదిగా డ్రాయర్‌లో పడి ఉన్న స్ట్రిప్ గురించి ఆలోచించాల్సింది అందుకే.

రెండోది క్లెయిమ్. ఒంటారియోలో పనిలో తగిలిన గాయాన్ని చూసేది డబ్ల్యూఎస్‌ఐబీ. గాయం వల్ల, దాని చికిత్స వల్ల తర్వాత వచ్చిన జబ్బుకూ పరిహారం పొందే వీలుంది. కానీ సంబంధం రుజువు కావాలి. నొప్పి మాత్రతో కడుపు పాడైందని డాక్టర్ ఫైల్లో లేకపోతే, సొంతంగా మింగిన మాత్రలు సాక్ష్యం చెప్పవు. పైగా అవి మంటను కప్పిపుచ్చి, పుండు సంగతి ఆలస్యంగా బయటపడేలా చేస్తాయి.

కాబట్టి కడుపు మంట మొదలైన వారమే డాక్టర్‌కు చెప్పండి. ఇంటి నుంచి తెచ్చిన మాత్రల పేర్లూ దాచొద్దు. గ్యాస్ మందు ఇక్కడి ఫార్మసీలోనే తీసుకోండి. పెట్టె మీద 8 అంకెల డిన్ నంబరు ఉందో లేదో చూడండి, రసీదు దాచండి. మలం నల్లగా వస్తే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

గాయం జరిగిన 6 నెలల్లోపు ఫారం 6 వేయాలి. క్లెయిమ్ తిరస్కరిస్తే అభ్యంతరం చెప్పడానికీ గడువు ఉంటుంది, ఆ తేదీ లేఖలోనే చూసుకోండి. యూనియన్ లేని కార్మికులకు ఆఫీస్ ఆఫ్ ద వర్కర్ అడ్వైజర్ ఉచితంగా సాయం చేస్తుంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో నోరు మూసుకుంటే మొదట పోయేది ఈ గడువే.