కోటి కోట్ల కాగితం

తెలుగు పాఠం చెప్పుకు బ్రతికేవాడికి కోట్లతో పనేమిటని మీరు అడగవచ్చు. నా బీరువాలో కోటి కోట్ల డాలర్ల నోటు వున్నది మరి! కంగారుపడకండి, అవి జింబాబ్వే డాలర్లు. 2009లో విడుదలైన ఆ నోటు మీద ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్ల బొమ్మ, ఒకటి పక్కన పధ్నాలుగు సున్నాలు. ఆ ఏడే అక్కడి జనం ఆ డబ్బు వాడకం మానేశారు. 2015లో ప్రభుత్వం వాటిని వెనక్కు తీసుకుంటూ ఈ నోటుకు 40 అమెరికా సెంట్లు కట్టింది. మాబోటి పిచ్చివాళ్లు మాత్రం అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొంటూనే వున్నారు.

సున్నాల్లో దీని తాత హంగేరీ నోటు. 1946లో అక్కడ చెలామణీకి వచ్చిన అతి పెద్దనోటు ఒకటి పక్కన ఇరవై సున్నాల పెంగోలు. మన భాస్కరాచార్యులవారి వరసలో ఆఖరిదైన పరార్ధానికి పదిహేడు సున్నాలే గదా! అంటే ఆ నోటు వెయ్యి పరార్ధాలన్నమాట. అన్ని సున్నాలు పెడితే బొమ్మకు చోటుండదని కాబోలు, విలువను మాటల్లో రాసి వూరుకున్నారు. ఆ జులైలో ధరలు సుమారు పదిహేను గంటలకొకసారి రెట్టింపయ్యేవి. పొద్దున బేరమాడి సాయంత్రం కొనేవాడి గతి వూహించుకోండి.

ఇదంతా సున్నాల సరదా. నన్ను నిలవేసిన నోటు ఇంత ఘనమైనది కాదు. 1923 ఆగస్టు 22 తేదీ వేసిన జర్మనీ నోటు, పదికోట్ల మార్కులు. అచ్చు ఒకవైపే. రెండోవైపు వేసే తీరిక ఎవరికున్నది? యుద్ధం తాలూకు అప్పులు నెత్తిన వుండగానే, ఆ ఏడు జనవరిలో ఫ్రాన్సు, బెల్జియం సేనలు రూర్ గనుల ప్రాంతంలో దిగాయి. నిరసనగా పని మానేసిన కార్మికులకు ప్రభుత్వం నోట్లు గుద్ది జీతాలిచ్చింది. నూటికి పైగా ముద్రణాలయాలు ఆ పనిలోనే వుండేవి. 1914లో 4.2 మార్కులున్న డాలరు, 1923 నవంబరుకు 4,20,000 కోట్ల మార్కులైంది. అప్పటికి నా పదికోట్ల విలువ సెంటులో 420వ వంతు. ఈ అంకె నా కల్పన కాదు, భాగించి చూసుకోండి.

ఆ నోటు వెనుక, ఖాళీగా వున్న వైపున, ఎవరో పెన్సిలుతో లెక్క వేసుకున్నారు. దుకాణదారు దాన్ని లోపం కింద జమకట్టాడు. "నలగని నోటు ఇస్తాను మాస్టారూ, ముందు ముందు దానికే ధర" అన్నాడు. నేను గీతలదే తెచ్చుకున్నాను. ఈ వ్యాపారంలో మడత పడితే ధర పడిపోతుంది. మడత పడనిది ఎవరి జేబులోకీ వెళ్లలేదన్నమాటే గదా! అది నాకెందుకు?

ఇంటికి తెచ్చి నాన్నగారికి చూపించాను. ఆయన లెక్కల మాస్టరుగా రిటైరయ్యారు. సున్నాలు చూసి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఏరా, పెన్షను కూడా వీటితోనే ఇచ్చారా?" అన్నారు.

ఇచ్చారు. అప్పుచేసి ఇల్లు కట్టినవాడు ఇలాంటి ఒక్క నోటు పారేసి బాకీ తీర్చేశాడు. యుద్ధ బాండ్లు కొన్నవాడూ, బ్యాంకులో దాచుకున్నవాడూ మునిగారు. 1925లో చట్టం చేసి తాకట్టు బాకీల్లో నాలుగోవంతు ఇప్పించారుగాని, బ్యాంకును నమ్ముకున్నవాడికి ఆపాటి కూడా దక్కలేదు.

నేను ఇదంతా చెబుతూంటే నాన్నగారు కళ్లద్దాలు తెప్పించుకుని, నోటు తిరగేసి, పెన్సిలు అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"కూడిక తప్పలేదురా" అన్నారు.