లేయా నిలబడిన చోటు

‘అయ్యగారూ, ఆమె అంటే ప్రాణమే, ఈమె అన్నా ప్రాణమే. ఎవరికీ అన్యాయం చేయడం లేదు’. ఈ మాట దైవసేవకులకు కొత్త కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలకు ఎక్కడెక్కడి నుంచో మగవాళ్లు పనికి వచ్చారు. ఇల్లు ఒకచోట, బతుకు ఒకచోట. అలాంటి చోట చిన్నిల్లు వెలవడం పెద్ద వింత కాదు. అలాగని ఇది వలస కూలీల జబ్బే అనుకుంటే పొరపాటు. సొంత ఊళ్లో, సొంత మేడలో, ఆదివారం ముందు వరుసలో కూర్చునేవారికీ ఉంది.

‘అది ప్రేమే కాదు, కామం’ అని కొట్టిపారేయడం తేలిక. బైబిలు అంత తేలికగా కొట్టిపారేయదు. యాకోబు లేయాకంటే రాహేలును ఎక్కువగా ప్రేమించాడని రాసి ఉంది (ఆది 29:30). ‘ఎక్కువగా’ అన్నారంటే లేయా మీద ఎంతోకొంత ప్రేమ ఉన్నట్టే కదా! కానీ ఆ తరువాతి వచనం చూడండి. దేవునికి కనబడింది ద్వేషానికి గురైన లేయా. మగవాడి లెక్కలో ‘కాస్త తక్కువ’ అయినది దేవుని లెక్కలో ద్వేషం. ఆమె కన్న కొడుకులకు పెట్టిన పేర్లలో భర్త తనవైపు చూస్తాడేమోనన్న ఆశే ఉంది. చివరికి కొడుకు తెచ్చిన పండ్లు చెల్లెలికిచ్చి, భర్తతో ఒక రాత్రి కొనుక్కోవలసి వచ్చింది (ఆది 30:14–16).

ఆ ఇంట్లో అసలు సంగతి బయటపడింది ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చిన రోజున. యాకోబు దాసీలనూ వారి పిల్లలనూ ముందు నిలబెట్టాడు. వారి వెనుక లేయా, ఆమె పిల్లలు. అందరికంటే వెనుక, భద్రంగా, రాహేలు, యోసేపు (ఆది 33:2). తాను మాత్రం వాళ్లందరికంటే ముందు నడిచాడు, అది మెచ్చుకోవలసిందే. కానీ ఆ వరుసను పిల్లలు చూశారు. తండ్రి ఎవరిని ఎక్కడ నిలబెట్టాడో ఏ పిల్లాడు మరిచిపోతాడు? ఆనాడు ముందు నిలబడ్డ కొడుకులే, యోసేపు పదిహేడేళ్లవాడైనప్పుడు అతన్ని గుంటలో పడేశారు.

శోభన్ బాబు సినిమాల్లో ఇద్దరు భార్యల చిక్కు రెండున్నర గంటల్లో విడిపోయేది, మనం నవ్వుకుంటూ బయటికి వచ్చేవాళ్లం. యాకోబు ఇంటి చిక్కు ఐగుప్తు దాకా వెళ్లింది.

సంఘానికి ఇది పాత ప్రశ్నే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన కాలంలో, ఇద్దరు భార్యలున్నవాడు క్రీస్తును నమ్మితే ఏం చేయాలన్నది లోకమంతటా మిషన్లను వేధించేది. 1888లో లాంబెత్ సభలో ఆంగ్లికన్ బిషప్పులు అలాంటివారికి బాప్తిస్మం ఇవ్వరాదన్నారు. సరిగ్గా నూరేళ్ల తరువాత, 1988లో, అదే సభ ఇవ్వవచ్చని, ఇంకో పెళ్లి చేసుకోనని మాట తీసుకోవాలని, భార్యలు దిక్కులేనివారు అవుతారు గనుక వారిని వదిలేయమని బలవంతపెట్టరాదని తీర్మానించింది. ఆ కనికరం సువార్త వినకముందే ఆ స్థితిలో ఉన్నవారి కోసం. మందిరంలో ప్రమాణం చేసి, ఆ తరువాత ‘నా హృదయం పెద్దది’ అనేవాడి కోసం కాదు. భార్య బ్రతికుండగా మరో పెళ్లికి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంలోనూ చోటు లేదు.

మన సంఘాల తీరు కూడా చెప్పుకోవాలి. రెండో స్త్రీని బల్లకు దూరం పెడతాం. మొదటామెకు ‘సర్దుకుపోమ్మా, ప్రార్థన చెయ్యి’ అని బోధిస్తాం. అతని కానుక పెద్దదైతే అతన్ని మాత్రం కమిటీలోనే ఉంచుతాం. పెద్ద ఏకపత్నీపురుషుడై ఉండాలన్న పౌలు మాట (1 తిమోతి 3:2) ఎన్నికల రోజున ఎవరికీ గుర్తుకు రాదు.

అతడు కట్టుకున్న భార్య దగ్గరికి తిరిగి రావాలి, రెండో బంధం ముగించాలి. ఇందులో నాకు సందేహం లేదు. అయితే ముగించడమంటే రాత్రికి రాత్రి తాళం వేసి వచ్చేయడం కాదు. అక్కడ పుట్టిన పిల్లలు అతని పిల్లలే. ద్వితీయోపదేశకాండం 21:15–17 చదవండి. ఇద్దరు భార్యలున్నవాడిని ఇద్దరినీ సమానంగా ప్రేమించమని ధర్మశాస్త్రం అడగలేదు. ప్రేమకు నోచుకోని భార్య కొడుకు జ్యేష్ఠుడైతే వాడి రెండు పాళ్ల ఆస్తి వాడికి ఇచ్చి తీరాలంది. ‘ఇద్దరూ ప్రాణమే’ అనేవాడిని సంఘ పెద్దలు కూర్చోబెట్టి అడగవలసింది అదే. బియ్యం ఏ ఇంటికి వెళ్తున్నాయి? ఏ పిల్లాడి ఫీజు కట్టావు? ఎవరిది ఆగిపోయింది?