ప్రతి ఫ్రేమూ పెయింటింగేనా?

తెలుగులో సినిమా సమీక్షలు రాసేవాళ్లకి ఒక అలవాటుంది. కథ గురించి మూడు పేరాలు, హీరో గురించి రెండు, పాటల గురించి ఒకటి రాసేశాక, ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేసినవాళ్లకి గ్యాస్ కట్టేశామో లేదో గుర్తొచ్చినట్టు చివర్లో ఒక వాక్యం తగిలిస్తారు: "సినిమాటోగ్రఫీ బాగుంది." కాస్త సాహిత్యం చదువుకున్నవాళ్లయితే ఇంకో మెట్టెక్కి "ప్రతి ఫ్రేమూ ఒక పెయింటింగ్" అంటారు. మొదటి మాట బద్ధకం. రెండోది అదే బద్ధకానికి పట్టుచీర కట్టడం. ఈ రెండో మాట మీద నాకు చాలాకాలంగా కోపం. ఆ కోపం ఎక్కడ పుట్టిందో ముందు చెప్తాను.

మాది పలాస దగ్గర ఉద్దానం ఊరు. ఉద్దానమంటే మీకు కిడ్నీ జబ్బే గుర్తొస్తుందని తెలుసు. మా పిన్నికీ అదే. వారానికి మూడుసార్లు డయాలసిస్. కొన్నేళ్ల కిందట ఈ జబ్బు మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీస్తామని ఓ టీమ్ వచ్చింది. మంచి పిల్లలే. కెమెరా పట్టుకున్న కుర్రాడు పిన్నిని నోరారా "అమ్మా" అనేవాడు. ఇల్లంతా తిరిగి చూసి, వెనక గదిలో పడమటి కిటికీ దగ్గర ఆగిపోయాడు. సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. మంచం అక్కడికి జరిపించాడు. వెలుగు చారలు కనబడాలని సాంబ్రాణి పొగ వేయించాడు. పిన్ని ఆ పొగలో, ఆ ఎండలో కూర్చుని, "ఏటి బాబూ, ఇంకా ఎంతసేపు కూకోవాల? దాహమేస్తంది" అంది. "ఒక్క ఐదు నిమిషాలమ్మా" అన్నాడు.

డయాలసిస్ మీద బతికేవాళ్లకి దాహం చిన్న విషయం కాదు. రోజుకి ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్ కొలిచి చెప్తాడు. మా పిన్ని పొద్దున్నే ఆ కొలతకి ఒక సీసా నింపుకుని, దాని మూతతో కొంచెం కొంచెంగా తాగుతుంది. వంటగది గడప అవతల, గోడకి జారబడి, మూత నోటి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. ఆ జబ్బు గురించి అంతకంటే ఎక్కువ చెప్పే దృశ్యం నేనైతే చూడలేదు. అది తియ్యమని కుర్రాడికి చెప్పాను. వచ్చి చూశాడు. "అక్కడ లైట్ లేదన్నా" అన్నాడు.

సినిమా పూర్తయింది. చూసినవాళ్లు ఏమన్నారో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత చాలా రోజులకి బి. నర్సింగరావు 'దాసి' చూశాను. 1988 సంవత్సరానికి ఆ సినిమాకి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి అర్చన, కళాదర్శకత్వం తోట వైకుంఠం, దుస్తులు పిట్టల సుదర్శన్, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్. పూర్తి పేరు అపూర్వ కిషోర్ బీర్. ఒడియా ఆయన. మాకు ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, పలాస బజార్లో సగం బేరాలు ఒడియాలోనే జరుగుతాయి. తెలుగు సినిమాకి అంత పెద్ద గౌరవం తెచ్చింది మా పక్కింటివాడని నాకు అప్పటిదాకా తెలీదు. సినిమా గురించి రోజూ మాట్లాడుకునే నా స్నేహితుల్లో ఒక్కడికీ తెలీదు. వీళ్లంతా హాలీవుడ్‌లో రోజర్ డీకిన్స్ ఏ సినిమాలో ఏ లెన్స్ వాడాడో నిద్రలో లేపి అడిగినా చెప్పే బాపతు.

'దాసి'లో ఒక గడీ ఉంటుంది. దొరసానితోపాటు కట్నంలో ఇచ్చేసిన ఆడమనిషి కమలాక్షి ఆ గడీలో బతుకుతుంది. వాకిలి ఊడ్చేదీ ఆమే, రాత్రి దొర పిలిస్తే వెళ్లేదీ ఆమే. ఈ కథని పెద్ద పెద్ద డైలాగులతో చెప్పొచ్చు. నర్సింగరావు చెప్పలేదు. చెప్పే పని చాలావరకు వెలుగుకి అప్పగించాడు. ఆ ఇంట్లో వెలుగు అందరికీ ఒకేలా దొరకదు. కొందరు ఉండే చోటికి అది దానంతట అదే వస్తుంది. కమలాక్షి మాత్రం పని ఉంటేనే అందులోకి వస్తుంది, పని అయ్యాక తిరిగి నీడలోకి పోతుంది. ఆమె ముఖం సరిగ్గా కనబడని క్షణాల్లో కూడా బీర్ లైటు తెచ్చి పెట్టలేదు. మనమే కళ్లు చిట్లించుకుని వెతుక్కోవాలి. ఒక మనిషిని వెతుక్కుని చూడాల్సి రావడమే ఆ సినిమా.

ఇంకో సంగతి. ఆ సినిమా కళాదర్శకుడు వైకుంఠం. ఎర్రటి చీరలు, పసుపు, పెద్ద బొట్లు, నల్లటి నిగనిగలాడే ఒళ్లు, ఆయన బొమ్మల్ని ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు. దర్శకుడూ బొమ్మలు వేసేవాడే. ఇద్దరు చిత్రకారులు చేరి తీసిన సినిమా అచ్చం పెయింటింగ్‌లా ఉండాలి కదా? లేదు. వైకుంఠం రంగులేవీ ఆ గడీలో కనబడవు. సున్నం, మట్టి, మసి, వెలిసిపోయిన బట్ట, అంతే. నిజంగా బొమ్మలు వేసేవాళ్లకి తెలిసింది మన సమీక్షకులకి తెలీకపోవడం విచిత్రం: కెమెరా పని బొమ్మ వెయ్యడం కాదు, ఎదురుగా ఉన్నదాన్ని పాడుచెయ్యకుండా చూడటం.

అర్చన విషయం కూడా చెప్పాలి. అంతకుముందు ఏడాది తమిళంలో 'వీడు' సినిమాకి ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అది తీసిందీ, కెమెరా పట్టిందీ బాలు మహేంద్ర. వరుసగా రెండేళ్లు, ఒకే చామనఛాయ ముఖానికి, సహజమైన వెలుగుని నమ్ముకున్న ఇద్దరు కెమెరామెన్‌ల చేతిలో. ఆ తర్వాత మన సినిమా నేర్చుకున్నదేంటి? తెల్లటి అమ్మాయిని తెచ్చి, నల్లరంగు పూసి, పల్లెటూరి పిల్ల అనడం. ఆ రంగు మీద పడ్డ బంగారు వెలుగుని చూసి మనం "రస్టిక్" అని రాస్తాం.

బీర్ మొదట పేరు తెచ్చుకున్నది '27 డౌన్'తో. 1974 నాటి హిందీ సినిమా. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి కొత్తగా బయటికొచ్చిన కుర్రాడు, నలుపు తెలుపులో, చేత్తో కెమెరా పట్టుకుని రైళ్లలో, ప్లాట్‌ఫారాల మీద తీశాడు. దానికీ జాతీయ అవార్డు వచ్చింది. దర్శకుడు అవతార్ కృష్ణ కౌల్ ఆ ఒక్క సినిమా తీసి చనిపోయాడు. అందులో హీరో చిత్రకళ చదువుకుంటూ, తండ్రి మాట మీద అది మానేసి టికెట్ కలెక్టరవుతాడు. బొంబాయి వీటీ స్టేషన్‌లో ఒక షాట్ ఉంది. కెమెరా ఎత్తు మీద నుంచి ఖాళీ ప్లాట్‌ఫారాన్ని చూస్తుంటుంది. లోకల్ రైలు వచ్చి ఆగుతుంది. క్షణంలో మనుషులు వరదలా కమ్మేస్తారు. బొమ్మలు వెయ్యాల్సిన కుర్రాడి బతుకు ఏమైపోయిందో ఆ ఒక్క షాట్ చెప్తుంది. అది అందంగా లేదా అంటే, ఉంది. పలాస స్టేషన్‌లో హౌరా వైపు పోయే రైలు ఆగినప్పుడు జనరల్ పెట్టె దగ్గర తోపులాట చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ అందం నాకు తెలుసు. కూలికి వలసపోయే మావాళ్లు ఎక్కేది ఆ పెట్టెలోనే.

కాబట్టి "పేదవాళ్లని అందంగా చూపించకూడదా?" అని నన్ను అడగొద్దు. చూపించండి. నా గొడవ అందంతో కాదు. ఎక్కడికి వెళ్లినా సంచిలో పెట్టుకెళ్లి, దులిపి పరిచే ఒకే రకం అందంతో. అదే సాయంత్రం ఎండ, అదే పొగ, అదే డ్రోన్. గోదావరైనా, సీమైనా, ఉద్దానమైనా, పాతకాలం అంటే పసుపు, బాధ అంటే నీలం.

దీనికి కెమెరామెన్‌ని మాత్రమే తిట్టడం అన్యాయం. హీరో ముఖం మీద నీడ పడకూడదు, హీరోయిన్ మచ్చ కనబడకూడదు, రోజుకి ఇన్ని సీన్లు అయిపోవాలి. ఆ లెక్కల మధ్య చీకటి కోసం పోట్లాడే తీరిక ఎవరికుంది? తీరికున్నది మనకి. రాసేవాళ్లకి. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌కి కొద్దిరోజుల ముందు, కరుణకుమార్ 'పలాస 1978' వచ్చింది. మా యాస, మా కులాల కొట్లాట తెర మీద విని నేను సీట్లో సర్దుకుని కూర్చున్నాను. నేను చదివిన సమీక్షల్లో యాస గురించి రాశారు, కులం గురించి రాశారు, హింస గురించి రాశారు. కెమెరా దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యం. జీడిపిక్కల రసం తగిలి వేళ్లు నల్లబడి తోలు ఊడిపోయే ఊరిలో తీసిన సినిమా అది. ఆ చేతులు ఎంత దగ్గరగా కనబడ్డాయి, ఏ వెలుగులో కనబడ్డాయి అని ఎవరూ అడగలేదు. ఐదేళ్ల తర్వాత 'తండేల్' వచ్చినప్పుడు సముద్రాన్ని మెచ్చుకున్నారు. గుజరాత్ బోట్ల మీద పనికెళ్లి పాకిస్తాన్ జైల్లో పడ్డ మత్స్యకారుల కథ అది. మా తీరంలోనే ఇంత సముద్రం పెట్టుకుని గుజరాత్ దాకా ఎందుకు పోవాల్సొచ్చిందన్న ప్రశ్న ఆ అలల మెప్పులో కొట్టుకుపోయింది.

మళ్లీ మా పిన్ని కిటికీ దగ్గరికి వస్తాను. బయటివాళ్లకి తెలీనిది ఒకటుంది. ఉద్దానంలో ఇళ్లు చీకటిగానే ఉంటాయి. కొబ్బరి, జీడి, పనస ఇంటి మీదికి ఒరిగి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లటి మసక. అది లేమి కాదు, మా ఆస్తి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా తీరాన్ని తాకింది. తెల్లారేసరికి తోటలు నేలమట్టం. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, ఎదిగిన పనస చెట్టుకి ఒక తరం. ఆ వారం మా ఊళ్లో చాలా ఇళ్లల్లోకి మొదటిసారి ఎండ వచ్చింది. పడమటి కిటికీలోంచి ఏటవాలుగా పడే ఆ బంగారు వెలుగు, కుర్రాడు పొగ వేసి మరీ పట్టుకున్న వెలుగు, మా పిన్ని పనస చెట్టు ఉండాల్సిన చోటు నుంచి వచ్చింది.

అతను అడిగుంటే చెప్పేవాళ్లం. "ఈ కిటికీలో ఎప్పుడూ ఇలాగే ఎండొస్తుందా అమ్మా?" అని ఒక్క మాట. అడిగుంటే అదే షాట్ వేరే షాట్ అయ్యేది. బహుశా మంచం జరిపించేవాడు కాదు.

నాకు దొరికిన 'దాసి' కాపీ లాప్‌టాప్‌లో చూశాను. చీకటి ఉన్న చోటల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయింది. ఒక కెమెరామన్ జాతీయ అవార్డు తెచ్చుకున్న పనిని నేను చూసిన తీరు అది. బీర్ తర్వాత సొంతంగా 'ఆది మీమాంస', 'లావణ్య ప్రీతి' లాంటి ఒడియా సినిమాలు తీసి వాటికీ జాతీయ అవార్డులు తెచ్చుకున్నాడు. పలాస నుంచి రైలెక్కితే రెండు గంటల్లో ఒడిశా లోపల ఉంటాం, ఆ సినిమాలు మాత్రం నా కంటపడలేదు. హైదరాబాద్‌లో ఫిల్మ్ క్లబ్బులు నడిపే మిత్రులు తార్కోవ్‌స్కీకి ఇచ్చే ఆదివారాల్లో ఒకటి ఈయనకిస్తే బాగుణ్ను. మంచి ప్రింటు కోసం నలుగురు కలిసి గట్టిగా అడిగితే ఇంకా బాగుణ్ను.

ఇక సమీక్షలు రాసే మిత్రులకి ఒక చిన్న పని. ఈసారి "ప్రతి ఫ్రేమూ" అని టైప్ చెయ్యబోతున్నప్పుడు ఆగి, సినిమాలో ఏదో ఒక్క సీను తీసుకుని, అందులో వెలుగు ఎటువైపు నుంచి వచ్చింది, ఎవరి మీద పడింది, ఎవరి మీద పడలేదు అన్నది రెండు వాక్యాల్లో రాయండి. గుర్తు రాకపోతే ఇంకోసారి సినిమా చూడండి. టికెట్ డబ్బులు నేనిస్తాను.